సవరణ: కుగ్లర్ ఆసుపత్రి, గుంటూరు పెద్దాసుపత్రి ఒకటి కావు

కుగ్లర్ ఆసుపత్రే పెరిగి నేటి గుంటూరు పెద్దాసుపత్రి, అంటే జీజీహెచ్ (గవర్నమెంట్ జనరల్ హాస్పిటల్) అయిందని నిన్నటి పోస్టులో ఉంది. అది సరికాదు. రెండింటి పుట్టుకా వేరు.

అమెరికా లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. మొదట ఆమెకు అప్పగించింది బడి పని. అయినా మందుల పెట్టె వదల్లేదు. పరదా దాటని ఆడవాళ్లకు ఇళ్లకే వెళ్లి వైద్యం చేశారు. స్త్రీలు, పిల్లల కోసం ఆమె కట్టించిన ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. ఆ ఘనత ఆమె పేరుమీదే విడిగా నిలవాలి.

జీజీహెచ్ ప్రభుత్వానిది. 1946లో, మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజీకి అదే బోధనాసుపత్రి. ప్రొఫెసర్ వెంట విద్యార్థులు వార్డుల్లో మంచం మంచానికీ తిరిగి, రోగి చెప్పేది విని నేర్చుకునేది అక్కడే.