టాకో కొట్టుకు నక్షత్రం, పేటలోని బండ్లకు తెల్లరంగు

మెక్సికో సిటీలో సాన్ రఫాయేల్ అని ఒక పాత పేట. అక్కడ 1968 నుంచి నడుస్తున్న టాకో (మాంసం పెట్టిన మొక్కజొన్న రొట్టె) కొట్టు పేరు ‘ఎల్ కలీఫా దే లియోన్’. పొడవూ వెడల్పూ దాదాపు పదేసి అడుగులు. కుర్చీలు లేవు. పెనం దగ్గర మనిషి నిలబడితే, తినేవాళ్లు అరుగుకు ఆనుకుని, లేదంటే రోడ్డు మీదే నిలబడి తినాలి. మంచి హోటళ్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ 2024 మే 14న మెక్సికోకు తన తొలి జాబితా ప్రకటించింది. నక్షత్రం వచ్చిన 18 చోట్లలో ఈ కొట్టు ఒకటి. ఒక టాకో కొట్టుకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

అక్కడ దొరికేది నాలుగు రకాలే, నాలుగూ మాంసంవే. పేరు మోసింది ‘గావోనేరా’. రొడొల్ఫో గావోనా అనే పాతకాలపు ఎద్దుపోరు వీరుడి పేరు మీద వచ్చింది. మెత్తటి గొడ్డుమాంసాన్ని పలచగా కోసి, పెనం మీద వేసి, ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండి, అప్పుడే కాల్చిన మొక్కజొన్న రొట్టెలో పెడతారు. మసాలా ఉండదు. పక్కన ఎర్ర పచ్చడి, ఆకుపచ్చ పచ్చడి. మన నాలుకకు ఇది మొదట చప్పగా అనిపించవచ్చు. కానీ పెనం వేడి సుమారు 360 డిగ్రీల సెల్సియస్. మాంసం మీద పడ్డ ఆ వేడి, దాని కింద ఉన్న రొట్టె వాసన, రెండూ ఆరకముందే టాకో చేతిలోకి వస్తుంది. తెల్లగుడ్డ పరిచిన బల్ల దాకా మోసుకెళ్తే ఆ రుచి సగం పోతుంది. కొట్టు చిన్నదిగా ఉండటమే ఇక్కడ వంటలో భాగం. నక్షత్రంతో పాటు ఇచ్చిన తెల్లకోటును వంటమాస్టరు ఆర్టూరో రివేరా మార్టీనెజ్ ఆ ఉక్కలో వేసుకోలేకపోయారు.

మాంసం గురించి అందరూ మాట్లాడతారు. నాకు రొట్టె గురించి ఎక్కువ చెప్పాలని ఉంది. మెక్సికోలో మొక్కజొన్న గింజల్ని నేరుగా పిండి పట్టించరు. సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున కడిగి రుబ్బుతారు. దీన్ని ‘నిష్తమాల్’ అంటారు. స్పానిష్ వాళ్లు రావడానికి ఎన్నో శతాబ్దాల ముందు నుంచీ ఉన్న పద్ధతి. సున్నం వల్ల పొట్టు ఊడుతుంది, పిండికి జిగురు వస్తుంది, గింజలో బంధించి ఉన్న నియాసిన్ విటమిన్ ఒంటికి అందుతుంది. ఐరోపావాళ్లు మొక్కజొన్నను పట్టుకెళ్లారు గానీ సున్నాన్ని వదిలేసి వెళ్లారు. దాని ఫలితంగా ఉత్తర ఇటలీలో, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, మొక్కజొన్న మీదే బతికిన పేదల్ని నియాసిన్ లోపం వల్ల వచ్చే పెల్లాగ్రా జబ్బు పీడించింది. ఆ జబ్బు మన దక్కన్‌కూ కొత్తది కాదు. జొన్న తప్ప వేరే తిండి అంతగా దొరకని పేదల్లో ఇదెందుకు వస్తోందని హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా ఆరా తీశారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికీ దీనికీ సంబంధం ఉందని 1960లో ప్రతిపాదించారు. ఇన్ని దేశాల్లో డాక్టర్ల దాకా వెళ్లిన సమస్యకు మొక్కజొన్న వరకు జవాబు మెక్సికో ఆడవాళ్ల కుండల్లో ముందే ఉంది. టాకో బండి దగ్గర చేతికొచ్చే రొట్టె వెనక ఇంత చరిత్ర ఉంది. ఏ నక్షత్రమూ దాన్ని ఒక్క మనిషి ప్రతిభగా లెక్కకట్టలేదు.

ఇక వీధి సంగతి. ఈ కొట్టు ఉన్నది క్వావుతేమోక్ అనే పాలనా విభాగంలో. నక్షత్రానికి రెండేళ్ల ముందు, 2022లో, అదే విభాగం మేయర్ సాండ్రా క్వేవాస్ తన పరిధిలోని తిండి బండ్ల మీద చేత్తో వేసిన రంగురంగుల బొమ్మల్ని, అక్షరాల్ని చెరిపించారు. ‘రోతులోస్’ అని పిలిచే ఆ బొమ్మల స్థానంలో తెల్లరంగు పూయించి, కార్యాలయం ముద్ర వేయించారు. ఊరిని శుభ్రంగా, ఒక తీరుగా చేయడం కోసమని చెప్పారు. కళాకారులు, పేటవాసులు గట్టిగా ఎదిరించారు. ఒక్కో బండికి ఉన్న మొహాన్ని తుడిచేసిన పని అది. ఆ పాలనకు బండి కనిపించింది, దాన్ని నడిపే మనిషి కనిపించలేదు.

నక్షత్రాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దశాబ్దాల పాటు పెనం ముందు నిలబడ్డ మనిషికి దక్కిన గౌరవం అది, సంతోషించాలి. అయితే అది గోడలున్న, తలుపున్న, చిరునామా ఉన్న కొట్టుకు వచ్చింది. 2024లో ఒక్కో టాకో ధర ఐదు డాలర్లకు దగ్గరగా ఉండేది; మామూలు బండి దగ్గర తినే కూలీకి ఇది రోజువారీ తిండి కాదు. పేవ్‌మెంట్ మీద బండి పెట్టుకునేవాళ్లకు కావలసింది మరొకటి: రేపు పొద్దున కూడా అదే చోట నిలబడనిస్తారన్న భరోసా.

అదే 2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో మనమూ ఇలాంటిదే చూశాం. ఒక మహిళ నడిపే భోజనం బండి సోషల్ మీడియాలో మోతమోగింది, జనం ఎగబడ్డారు, ట్రాఫిక్ ఆగిపోయింది, పోలీసులు బండి తీయించారు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కల్పించుకుంటే గానీ ఆమె పాత చోటికి రాలేకపోయింది. ఆమెకు మేలు జరిగింది, బాగుంది. మరి ఏ వీడియోలోనూ కనిపించని పక్క బండి మాటేమిటి? వీధి వ్యాపారుల సర్వే పూర్తయ్యేదాకా ఎవర్నీ తొలగించకూడదని, స్థలాలు తేల్చే కమిటీల్లో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలని 2014 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. ముఖ్యమంత్రి దాకా వెళ్లాల్సిన అవసరమే రాకూడదని చేసిన చట్టం అది.

మెక్సికో సిటీకి వెళ్లే తెలుగువాళ్లకు ఒక మాట. గొడ్డుమాంసం, పందిమాంసం తిననివాళ్లకు ఎల్ కలీఫాలో తినడానికేమీ ఉండదు. వాళ్లు బయట బండ్ల దగ్గర చీజు, గుమ్మడిపూలు పెట్టిచ్చే కేసదియా అడగవచ్చు. మాంసం తినేవాళ్లు వరసలో నిలబడి ఒక గావోనేరా తినండి. తర్వాత ఇంకో నాలుగడుగులు వేసి, పేరు లేని బండి దగ్గర రెండోది తినండి. ఆ పూట అక్కడ పెనం మీద ఉన్న రొట్టె కూడా అలా సున్నపు నీళ్లలో నానిన గింజదే కావచ్చు, అడిగి చూడండి.