వీసా కిటికీ దగ్గర అడిగే ప్రశ్న ముందుగా సంఘమే అడగాలి

ఏటా వేసవి మొదలయ్యేసరికి కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లోని విదేశీ విద్య కన్సల్టెన్సీలు కిటకిటలాడుతాయి. అక్కడికి వచ్చేవారిలో అత్యధికులు కంప్యూటర్ సైన్సు, డేటా అనలిటిక్స్ చదవబోయే ఇంజినీర్లు. వారి మధ్య ఎవరి లెక్కలోకీ రాని ఒక చిన్న గుంపు కూడా ఉంటుంది. పల్లెలోని క్రైస్తవ సంఘ కాపరి (పాస్టరు) కొడుకో, డయాసిస్ (ఒక బిషప్ పరిధిలోని సంఘాలన్నీ కలిసిన వ్యవస్థ) పాఠశాల ఉపాధ్యాయురాలి కూతురో, బి.డి. అనే వేదాంత పట్టా పూర్తిచేసి నాలుగేళ్లు ఒక పాస్టరేట్‌లో పనిచేసిన యువ పాస్టరో ఆ గుంపులో కనిపిస్తారు. వారు వెళ్లాలనుకునేది అమెరికాలోనో, బ్రిటన్‌లోనో ఉన్న సెమినరీకి, అంటే క్రైస్తవ వేదాంతం బోధించే కళాశాలకు. ఇంజినీరుకు దారి చూపడానికి అన్నలూ బావలూ వీధికొకరు చొప్పున ఉన్నారు. సెమినరీ విద్యార్థికి దారి చూపేవారు లేరు. ఈ లోటును కన్సల్టెన్సీ తీర్చలేదు, విదేశీ సెమినరీ తీర్చలేదు. పంపే సంఘమే తీర్చాలి, అదీ చేతికి వీసా వచ్చాక కాదు, దరఖాస్తు నింపక ముందే.

నిబంధనలు ఎంత బిగుసుకున్నాయో పాఠకులకు తెలిసినదే. 2025 మే నెలాఖరులో అమెరికా కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూల స్లాట్లు ఇవ్వడం ఆపివేసి, జూన్‌లో తిరిగి ప్రారంభించినప్పుడు దరఖాస్తుదారులు తమ సామాజిక మాధ్యమ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని కోరింది. బ్రిటన్ 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులు కాని పీజీ విద్యార్థులు భార్యాబిడ్డలను వెంట తీసుకువెళ్లే వీలును తొలగించింది. సెమినరీ విద్యార్థికని ప్రత్యేక మినహాయింపు ఎక్కడా లేదు. అమెరికా లెక్కలో అతను అందరిలాగే ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చినవాడు, అంతే. మత సేవకులకు ఇచ్చే ఆర్-1 వీసా వేరు, దాని షరతులు వేరు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడే పెద్దలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు.

అసలు చిక్కు 214(బి) అనే సెక్షన్ దగ్గర మొదలవుతుంది. అమెరికా వలస చట్టంలోని ఈ సెక్షన్ ప్రకారం, వీసా కోరే ప్రతి విద్యార్థీ అక్కడే స్థిరపడాలనే ఉద్దేశంతో వస్తున్నాడనే అధికారి మొదట భావించాలి. కాదని నిరూపించుకోవలసిన భారం విద్యార్థిదే. ఇంజినీరు తన తండ్రి పొలాన్నీ, ఇంటినీ, బ్యాంకు ఖాతాలనూ చూపుతాడు. సంఘ కాపరి కొడుక్కి చూపడానికి పొలం లేదు, ఉంటున్న ఇల్లు కూడా సంఘానిదే. జమ్మలమడుగు దిక్కు పల్లె నుంచి వచ్చిన ఒక యువకుడు హైదరాబాద్ కాన్సులేట్‌లో రెండు నిమిషాల్లోనే తిరస్కరణ కాగితంతో బయటికి వచ్చాడు. చదువు అయ్యాక ఎక్కడ పనిచేస్తావని అధికారి అడిగితే, "దేవుడు ఎక్కడికి నడిపిస్తే అక్కడ" అని అతను జవాబిచ్చాడు. అది అతని మనస్సాక్షి చెప్పిన నిజమే. ఇంటర్వ్యూకు ముందు మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేసిన ఆ కుర్రాడికి, ఆ నిజమే 214(బి) ముందు అతనికి ఎదురు తిరుగుతుందని ఒక్క పెద్దమనిషి కూడా ముందుగా చెప్పలేదు.

నేను ఎన్నిసార్లు తలచుకున్నా తరగని విషయం ఇక్కడే ఉంది. తిరిగి వస్తావా, వచ్చి ఏం చేస్తావు అని పరాయి దేశపు అధికారి అద్దం వెనుక నుంచి అడిగిన ప్రశ్న, నిజానికి ఆ కుర్రాణ్ణి పెంచిన సంఘం అడగవలసినది. అధికారికి కావలసిన రుజువూ, సంఘానికి కావలసిన హామీ ఒకే కాగితంలో ఉన్నాయి. చదువు ముగించి వచ్చిన తరువాత ఫలానా కళాశాలలో ఫలానా సబ్జెక్టు బోధించే బాధ్యత, లేదా ఫలానా పాస్టరేట్‌లో పని, ఫలానా జీతంతో ఇస్తామని డయాసిస్ కౌన్సిల్ తీర్మానం చేసి, ముద్ర వేసి ఇచ్చిన లేఖ అది. ఆ లేఖ చేతిలో ఉంటే వీసా తప్పక వస్తుందని ఎవరూ చెప్పలేరు, నిర్ణయం అధికారిదే. కానీ ఆ లేఖ ఉన్నవాడు అధికారి ముందు నిజమే చెబుతాడు, తడుముకోకుండా చెబుతాడు. లేఖ ఇచ్చిన డయాసిస్ కూడా అతను తిరిగొచ్చే నాటికి కుర్చీ ఖాళీగా ఉంచక తప్పదు.

ఈ పద్ధతి మన ప్రాంతానికి కొత్తది కాదు. కర్నూలు, కడప కతోలిక మేత్రాసనాలు (డయాసిస్‌లు) తమ గురువులను (ఫాదర్లను) పైచదువులకు పంపేటప్పుడు బిషప్ లేఖతోనే పంపుతాయి. ఎక్కడ చదవాలో, ఎప్పుడు రావాలో, వచ్చాక ఏ బాధ్యత ఎత్తుకోవాలో నిర్ణయమయ్యాకే ప్రయాణం. కర్నూలు జిల్లాలో పుట్టి, కడప మేత్రాసన గురువుగా 1992లో అభిషేకం పొందిన పూల ఆంథోని, షికాగోలోని లొయోలా విశ్వవిద్యాలయంలో చదువుకుని తిరిగి వచ్చి, 2008లో కర్నూలు బిషప్ అయ్యారు. తరువాత హైదరాబాద్ ఆర్చిబిషప్‌గా ఉంటూ 2022లో కార్డినల్ అయ్యారు, దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన తొలి వ్యక్తి ఆయనే. పంపినవారికీ వెళ్లినవారికీ మధ్య ఒక ఒప్పందం ఉన్నప్పుడు విదేశీ చదువు ఊరికి ఎలా తిరిగి చేరుతుందో చూపడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. ప్రొటెస్టెంటు సంఘాల నుంచి, ముఖ్యంగా స్వతంత్ర సంఘాల నుంచి వెళ్లేవారు మాత్రం ఒంటరిగా వెళ్తున్నారు. ఒంటరిగా వెళ్లినవాడు తిరిగి రాలేదని నిందించే హక్కు మనకు ఎక్కడిది?

వీసా అనేది లోక సంబంధమైన వ్యవహారమనీ, సంఘం దానిలో తలదూర్చకూడదనీ అనేవారికి చరిత్రలోని ఒక సంగతి గుర్తు చేయాలి. 1793లో ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ కలకత్తాలో దిగినప్పుడు ఆయన దగ్గర ఈస్టిండియా కంపెనీ ఇచ్చే లైసెన్సు లేదు. మిషనరీలను కంపెనీ తన భూభాగంలో ఉండనిచ్చేది కాదు. 1799లో వచ్చిన తోటి మిషనరీలు మార్ష్‌మన్, వార్డ్‌లు అందుకే కలకత్తా దగ్గర డెన్మార్క్ పాలనలో ఉన్న శ్రీరాంపూర్‌లో తలదాచుకున్నారు, 1800లో కేరీ వారితో కలిశారు. 1813 చార్టర్ చట్టం వచ్చాకే మిషనరీలకు లైసెన్సుతో తలుపు తెరుచుకుంది. 1818లో మొదలైన శ్రీరాంపూర్ కళాశాలకు 1827లో డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చింది డెన్మార్క్ రాజు. నేడు హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదివి రాయలసీమకు వచ్చే పాస్టరు చేతిలోని బి.డి. పట్టా ఆ శ్రీరాంపూర్ కళాశాల సెనేటు ఇచ్చేదే. అనుమతి కాగితం దొరకని మనుషులు తలదాచుకున్న ఊరు పేరును మన పాస్టర్లు పట్టాగా మోస్తున్నారు. అందువల్ల అనుమతి కాగితం గురించి ఆలోచించడం ఆత్మీయతకు తక్కువ పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

డబ్బు సంగతి చెప్పాలి. వీసాకు అవసరమైన ఐ-20 అనే ప్రవేశ ధ్రువపత్రాన్ని సెమినరీ ఇవ్వడానికి మొదటి ఏడాది ఫీజూ, బతుకు ఖర్చూ ఎవరు భరిస్తారో కాగితాల మీద చూపాలి. సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) రుసుము 350 డాలర్లు, వీసా దరఖాస్తు రుసుము 185 డాలర్లు కలిపితేనే రూపాయల్లో నలభై అయిదు వేలు దాటుతుంది, ఆ రెండూ తిరిగి రావు. నెలకు అంతకంటే తక్కువ జీతంతో ఇల్లు గడిపే సంఘ కాపరులే ఎక్కువ. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం స్వీకరించిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో వారు బీసీ-సి కిందికి వస్తారు. ఎస్సీ విద్యార్థుల కోసం కేంద్రం ఇచ్చే విదేశీ ఉపకార వేతనం వారికి అందదు. ఈ ఖాళీలోకి రెండు రకాల కాగితాలు వస్తున్నాయి. ఒకటి, కమిషన్ తీసుకుని కొన్నాళ్లపాటు ఖాతాలో సొమ్ము చూపించే దళారీ కాగితం. రెండోది, విదేశాల నుంచి సువార్త సభలకు వచ్చిన అతిథి ప్రేమతో సంతకం పెట్టిన సహాయ హామీ పత్రం. మొదటిది మోసం, దాన్ని దగ్గరికి రానివ్వకూడదు. రెండోది మోసం కాకపోయినా అంతే ప్రమాదకరం కాగలదు. మొదటి సెమిస్టరు తరువాత ఆ అతిథి జవాబివ్వడం మానేస్తే, ఆ విద్యార్థికి వారానికి ఇరవై గంటల క్యాంపస్ ఉద్యోగం తప్ప వేరే దారి ఉండదు. హామీ పత్రం మీద సంతకం పెట్టే ప్రతి వ్యక్తితోనూ డయాసిస్ కోశాధికారి నేరుగా మాట్లాడి, ఎంత, ఎన్ని విడతల్లో, ఎప్పుడు అని రాయించుకోవాలి.

పేర్ల విషయంలో మన విద్యార్థులకున్న చిక్కు బయటివారికి అర్థం కాదు. పదో తరగతి మెమోలో ఒక పేరు, బాప్తిస్మం రిజిస్టరులో ఇంకో పేరు, ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మన దగ్గర మామూలు. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే అమెరికా వీసా మీద ఆ పేరు ఇంటిపేరు స్థానంలోకి పోయి, అసలు పేరు స్థానంలో "పేరు తెలియదు" అనే అర్థంలో ఎఫ్ఎన్‌యూ అనే మూడు అక్షరాలు పడతాయి. అక్కడ బ్యాంకు ఖాతా మొదలు డ్రైవింగ్ లైసెన్సు వరకు ఆ మూడక్షరాలు వెంటాడతాయి. దరఖాస్తుకు ఏడాది ముందే పాస్‌పోర్టు సరిచేయించుకుంటే తీరిపోయే బాధ ఇది.

ఇక చేరుకున్నాక ఏం చేయాలన్న మార్గదర్శనం. కోర్సు మొదలయ్యే తేదీకి ముప్పై రోజుల ముందు వరకే అమెరికాలో అడుగుపెట్టనిస్తారు. టికెట్ చౌకగా దొరికిందని ముందుగా బయలుదేరితే విమానాశ్రయంలోనే చిక్కు. పాస్‌పోర్టు, ఐ-20, ప్రవేశ పత్రం, డబ్బుకు సంబంధించిన కాగితాలు చేతి సంచిలో ఉండాలి, లగేజీలో వేయకూడదు. ఇవన్నీ సెమినరీలు పంపే పుస్తకాల్లో ఉంటాయి. ఆ పుస్తకాల్లో ఉండనిది, మనవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. మన సంఘాల్లో ప్రసంగించిన దైవసేవకుడికి కవరులో కానుక పెట్టి ఇవ్వడం ఆచారం. అమెరికాలోని తెలుగు సంఘాలు కూడా ఆ ఆచారాన్ని ప్రేమతో పాటిస్తాయి. ఎఫ్-1 విద్యార్థి వారం వారం ప్రసంగించి ఆ కవరు పుచ్చుకుంటే, అది అనుమతి లేని ఉద్యోగంగా లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. చదువులో భాగంగా సంఘంలో చేసే శిక్షణకు జీతం తీసుకోవాలంటే సెమినరీలోని విదేశీ విద్యార్థుల అధికారి ముందుగా సీపీటీ అనే అనుమతి ఇవ్వాలి. వద్దంటే కానుకను అవమానించినట్టు అవుతుందని మొహమాటపడే కుర్రాడికి, ఆ మాట ఎలా చెప్పాలో ఇక్కడి పెద్దలే నేర్పి పంపాలి. వెంట వెళ్లే భార్య ఎఫ్-2 అనే కుటుంబ వీసా మీద ఏ ఉద్యోగమూ చేయకూడదనే సంగతి కూడా పెళ్లి మాటలప్పుడే చెప్పాలి. అక్కడ నర్సు పని చేస్తుందనుకుని ఆసుపత్రి ఉద్యోగం మానుకుని వెళ్లిన కోడళ్ల బాధ విన్నవాణ్ణి నేను.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. పాస్టర్లకే సమయానికి జీతాలు ఇవ్వలేని డయాసిస్‌లు ఈ భారం ఎలా మోస్తాయని కొందరంటారు. తిరిగి రావాలని రాయించుకోవడం మనిషి స్వేచ్ఛకు సంకెల వేయడమేనని మరికొందరంటారు. మొదటిదానికి, ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులు వారానికి ఒక పూట కూర్చుంటే చాలు, కొత్త భవనమేదీ అక్కర్లేదు. రెండోదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అందుకే లేఖలో మాట ఇవ్వవలసింది ముందు డయాసిస్ అంటున్నాను.

తిరిగి రావడం గురించి ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. తెలుగులో వేదాంత గ్రంథ రచన ఎండిపోతోంది. మన బిడ్డలు విదేశాల్లో రాసిన సిద్ధాంత గ్రంథాలు ఇంగ్లిషులో ఉండి అక్కడి గ్రంథాలయాల్లోనే ఉండిపోతున్నాయి. రాయలసీమ కరువు గురించీ, మాలమాదిగ పల్లెల విశ్వాసం గురించీ అక్కడ రాసిన మాట ఆ పల్లెల్లో చదివే భాషలో లేదు. కడప నేలకు దీనికి పూర్తిగా ఎదురైన అనుభవం ఉంది. 1820లో ఈ ఊరికి ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్‌కు తాళపత్రాలు చదివి శుద్ధప్రతులు తీసి పెట్టింది ఇక్కడి పండితులే. 1822లో లండన్ మిషన్ కడపలో స్థిరపడినప్పుడు వచ్చిన పరదేశులకు భాష, తిండి, మర్యాద నేర్పింది ఇక్కడి మనుషులే. పరదేశికి దారి చూపడం రెండు వందల ఏళ్ల కిందటే తెలిసిన ఊరు ఇది. ఆ పరదేశులు తాము నేర్చుకున్నదాన్ని తెలుగులో అచ్చువేసి మనకు తిరిగి ఇచ్చారు. మన బిడ్డలకు ఆ అవకాశం కలగాలంటే వారు తిరిగి వచ్చి కూర్చుని రాసే చోటు ఇక్కడ ఉండాలి. గుత్తి, నంద్యాల, కడప మిషన్ ప్రాంగణాల్లో తాళాలు వేసి ఉన్న గదులకు కొదవ లేదు.

ఆగస్టులో తరగతులు మొదలయ్యే అమెరికా సెమినరీలకు దరఖాస్తులు అంతకుముందు శీతాకాలంలోనే వెళ్తాయి. కాబట్టి రాయలసీమ, నంద్యాల డయాసిస్‌లూ, కర్నూలు బాప్టిస్టు సంఘాలూ క్రిస్మస్ సందడి ముగిసిన వెంటనే ఈ పనికి కూర్చోవాలి. జనవరిలో మొదటి సమావేశం, అందులో పేర్లు సరిచూసిన పాస్‌పోర్టులు, డబ్బు హామీల పరిశీలన, తిరిగి వచ్చాక ఇచ్చే బాధ్యతపై తీర్మానం. ఆ తీర్మానం నకలు తెలుగులో ఒకటి, ఇంగ్లిషులో ఒకటి తీసి, తెలుగుది కుర్రాడి తల్లి చేతికి ఇవ్వాలి.