సవరణ: కట్టెల పొయ్యికి అయింది 3,500 కాదు, 8,800

అమలాపురం దగ్గర మా పెంకుటింట్లో పొగగొట్టంతో కట్టెల పొయ్యి పెట్టించడానికి 3,500 రూపాయలైందని పోయిన వారం రాశాను. అది తప్పు. ఆ లెక్క ఇటుకలు, మట్టి, ఇనుప చువ్వల వరకే. గొట్టానికీ దాని టోపీకీ 1,900, తాపీ మేస్త్రికీ కూలీకీ రెండు రోజులకు 3,400 కలపడం మర్చిపోయాను. మొత్తం 8,800.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటి. గొట్టం చూరు కింద ఆపినా చాలన్నాను. దయచేసి అలా చేయకండి. మొదట మేమూ అలాగే పెట్టాం. పొగ పెంకుల సందుల్లోంచి మళ్లీ వంటింట్లోకే దిగి అమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. గొట్టం ఇంటి కొప్పు దాటి పైకి లేవాలి. తడి కొబ్బరి డొక్కలు పెడితే లోపల మసి పేరుకుపోతుంది, మధ్యమధ్యలో దులపాలి. నా లెక్క నమ్మి మేస్త్రికి మాటిచ్చినవాళ్లు ఉంటే క్షమించండి.