ఉసిరి చెట్టు కింద పులిహోర

నెల్లూరుకు ఆ పేరు ఎలా వచ్చిందన్న విషయంలో పండితులు రెండు పక్షాలుగా చీలిపోయి ఉన్నారు. 'నెల్లి' అంటే తమిళంలో ఉసిరి. ఉసిరి చెట్టు కింద శివలింగం బయటపడిందని, ఆయనే మూలస్థానేశ్వరుడని, అందుకే ఊరు నెల్లూరైందని ఒక పక్షం. 'నెల్లు' అంటే వడ్లు, వరి పండే ఊరు గనుక నెల్లూరు అని రెండో పక్షం. స్థలపురాణాలు తిరగేస్తూ వాళ్లు అంత శ్రమపడనక్కరలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు మా ఇంటికి వచ్చి నా కంచం చూస్తే చాలు. వడ్ల పక్షం గెలిచి చాలాకాలమైంది.

ఈ మాట నేను గర్వంగానే చెబుతున్నాను. మొలగొలుకులు అనే వరి రకానికి పేరుపడ్డ సీమ ఇది. రాత్రి మూడు చపాతీలు తిన్న మనిషి ఇక్కడ "ఇవాళ ఏమీ తినలేదు" అని చెప్పుకుంటాడు. విన్నవాళ్లు అయ్యో అని జాలిపడతారు.

అలాంటి నన్ను పట్టుకుని మా డాక్టరు గారు, చేతికి చుట్టిన రక్తపోటు పట్టీ ఇంకా విప్పకుండానే, రోజుకు అరకిలో కూరగాయలూ పండ్లూ తినమన్నారు. అదీ ఒకే రకం కాదట, రంగురంగులవి. ఆయన సొంత కవిత్వమేమో అనుకున్నాను. కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది: రోజుకు రెండు వేల కేలరీల మనిషికి కూరగాయలు 400 గ్రాములు, అందులో ఆకుకూర 100; పండ్లు మరో 100. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాస్త దయగలది, అన్నీ కలిపి కనీసం 400 చాలంటుంది. ఇంతవరకు సహించవచ్చు. కానీ ఆ హైదరాబాదు లెక్కలో ధాన్యం వాటా ఎంతో తెలుసా? 250 గ్రాములు. అంటే బియ్యానికి రెట్టింపు కూరా పండూ! అన్నంలో కూర కలుపుకోవడం విన్నాం గానీ, కూరలో అన్నం కలుపుకోవడం మా వంశంలో ఎవరూ విని ఉండరు.

మా ఆవిడ ఈ సంగతిని నాకంటే గంభీరంగా తీసుకుంది. పండక్కి మిఠాయి కొలతల కోసం కొన్న చిన్న కాటాను అటక మీదనుంచి దించి, ఒక రోజంతా నేను తిన్నవి తూచింది. రాత్రికి లెక్క తేలింది. కూరగాయలు నూట ముప్పై గ్రాములు. అందులో తొంభై బంగాళదుంప వేపుడు. "దుంప లెక్కలోకి రాదండీ" అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బంగాళదుంపను ఆ 400లో కలపదట. అది పిండిపదార్థమట, అంటే వరికి వియ్యంకుడు. మిగిలింది నలభై గ్రాములు. నేను వెంటనే అప్పీలు చేసుకున్నాను.

నా వాదన మొత్తం చేపల పులుసు మీద నిలబడింది. నెల్లూరు చేపల పులుసును మాంసాహారం అనడం పైపైన చూసేవాళ్ల మాట. అందులో ఉన్నవి లెక్కపెట్టండి. చింతపండు: పేరులోనే పండు ఉంది. మామిడికాయ ముక్కలు: అవి లేకపోతే దాన్ని నెల్లూరు పులుసు అని ఎవరూ ఒప్పుకోరు. టమాటా: వృక్షశాస్త్రం ప్రకారం అదీ పండే, మిరపకాయ కూడా పండే. పైన ఉల్లి, వెల్లుల్లి, కరివేపాకు, కొత్తిమీర. ఒక్క చేప తప్ప మిగతాదంతా తోట. పైగా పులుసు మర్నాటికి గాని రుచికి రాదు గనుక, ఒకే తోటను నేను రెండు రోజులు తింటాను.

ఆవిడ నా కంచం వైపు చూపించింది. మామిడి ముక్కలు చీకి పక్కన పెట్టి ఉన్నాయి. కరివేపాకు అంచున వరుసగా పేర్చి ఉంది. కరివేపాకులో కాల్షియమూ కెరోటినూ మెండు అంటారు; అందుకే కాబోలు, మా జిల్లాలో కంచాల అంచులకు ఏనాడూ ఎముకల జబ్బు రాలేదు. పోనీ ఆవకాయనైనా పండ్ల కింద రాసుకోమన్నాను. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదన్న సంగతి ఆమెకు ముందే తెలుసు. అప్పీలు కొట్టేసింది.

ఇక రకరకాలు తినడం లేదన్న అభియోగం. ఇది మరీ అన్యాయం. సోమవారం గుత్తివంకాయ, మంగళవారం వంకాయ రోటిపచ్చడి, బుధవారం వంకాయ వేపుడు, గురువారం వంకాయ ఎండురొయ్యలు, శుక్రవారం వంకాయ పులుసు. రకాలు అంటే ఇవి కాక మరేమిటి? డాక్టరు గారి లెక్క వేరు. ఏ ఒక్క కూరగాయలోనూ అన్నీ ఉండవట. క్యారెట్టు, గుమ్మడి, పండిన బొప్పాయి వీటిలోని రంగు ఒంట్లోకి వెళ్లి ఎ విటమిను అవుతుంది. వంకాయను ఎన్ని అవతారాలెత్తించినా అవదు. ఆకుకూరల్లో ఫోలిక్ ఆమ్లం అనే విటమిను ఉంటుంది. ఆ పేరే ఆకు అనే లాటిన్ మాటనుంచి వచ్చింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఒక తెలుగువాడు అంత దూరం అమెరికా వెళ్లి ఆకు సారాన్ని మాత్రగా మార్చి ఇచ్చాక, ఇంకా ఆకే తినమనడం ఆయనకు అవమానమని నా అభిప్రాయం. పీచు మాత్రలో రాదన్నారు డాక్టరు గారు. పొటాషియం రక్తపోటును తగ్గిస్తుందని కూడా ఏదో అన్నారు గానీ, అప్పటికి పట్టీ విప్పారు, నేను గుమ్మం దాటాను.

పండ్ల విషయంలో మాకొక క్రమశిక్షణ ఉంది. పండు మొదట దేవుడిది. తరువాత పేరంటానికి వచ్చినవాళ్లది. ఆ తరువాత ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్లది. ఒంట్లో ఏ జబ్బూ లేని మగవాడు తన డబ్బుతో తన కోసమే పండ్లు కొనుక్కుని ఇంటికి వెళితే, వీధిలో వాకబు మొదలవుతుంది: ఎవరికి బాగాలేదు? కిందటేడు మా బావమరిదికి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. చూడవచ్చినవాళ్లు పదకొండు సంచుల యాపిళ్లు తెచ్చారు. అతనికేమో మూడు రోజులు జావ తప్ప ఏమీ పెట్టవద్దన్నారు. ఆ సంచుల్లో కొన్ని పక్క వార్డులోని వాళ్ల పెదనాన్నకు, అక్కడినుంచి ప్రసవించిన మేనకోడలికి బదిలీ అయ్యాయి. రెండు వారాల తరువాత నాకు జ్వరమొస్తే ఒక సంచి మా ఇంటికే వచ్చింది. దాని మీది బట్టల కొట్టు పేరును బట్టి గుర్తుపట్టాను.

యాపిల్‌కు ఈ హోదా ఎలా వచ్చిందో మరి. సి విటమినులో ఆసుపత్రి గేటు బయట తోపుడు బండి మీది జామకాయ ముందు నారింజే నిలబడలేదు, యాపిల్ ఏపాటిది! కానీ జామకాయకు స్టిక్కరు ఉండదు. స్టిక్కరు లేని పండు పట్టుకుని వియ్యాలవారిని పరామర్శించే ధైర్యం ఎవరికుంది?

నిమ్మకాయ సంగతికి వస్తే మాత్రం మమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. పొదలకూరు, గూడూరు మార్కెట్లనుంచి నిమ్మ లారీలకెక్కి ఢిల్లీదాకా వెళుతుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు, చిగుళ్లు కుళ్లే జబ్బుతో పడి ఉన్న పన్నెండుమంది నావికులను జంటలుగా విడదీసి, ఒక జంటకు మాత్రం నారింజలూ నిమ్మకాయలూ పెట్టాడు. వారం తిరగకుండానే ఆ జంట కోలుకుంది. బ్రిటిష్ నౌకాదళం ఆ వైద్యుడి మాటను చెవిన పెట్టడానికి 1795 దాకా పట్టింది. కాబట్టి మా డాక్టరు గారు నా విషయంలో తొందరపడకూడదు.

పాపం, లిండ్‌కు నిమ్మకాయ ఉపయోగం సగమే తెలుసు. మా దగ్గర కొత్త బండి కొంటే నాలుగు చక్రాల కింద నాలుగు కాయలు, కొట్టు గుమ్మానికి మిరపకాయలతో కలిపి ఒకటి, దసరాకు మళ్లీ అన్నిటికీ. 2022 వేసవిలో నిమ్మ కిలో రెండు వందలు దాటినప్పుడు కూడా చక్రాల వాటా తగ్గలేదు. మజ్జిగలో పిండే చెక్కే తగ్గింది. తోటకూర మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుందట. లారీకి ఇనుము కొరత లేదు. అయినా మా నిమ్మకాయ దానికే.

మామిడి దగ్గర మాత్రం నేను రాజీపడను. 2022లో జిల్లాలను మార్చినప్పుడు, మామిడికి పేరుపడ్డ ఉలవపాడు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది. అప్పట్లో ఒంగోలు బంధువులు ఆ సంగతి ఎత్తినప్పుడల్లా వాళ్లకో బుట్ట పంపి నోరు మూయించాం. మే నెలంతా నేను పూటకు రెండు కాయలు లాగిస్తాను. ఏడాది మొత్తానికి సగటు తీస్తే రోజుకు ఇంచుమించు నూరు గ్రాముల పండు తిన్నట్టేనని కాగితం మీద నిరూపించాను. "సి విటమినును మేలో దాచుకుని మార్చిలో తీసుకోవడానికి ఒళ్లేమైనా బ్యాంకా?" అంది ఆవిడ. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

కార్తీకంలో పెన్న ఒడ్డున వనభోజనాలకు వెళ్లాం. ఉసిరికాయతో మాకు మూడే సంబంధాలు: వత్తి పెట్టి దీపం వెలిగిస్తాం, ఉప్పులో ఊరబెడతాం, చెట్టు కింద కూర్చుని పులిహోర తింటాం. ఆదివారం ఉసిరి తినకూడదన్న నియమాన్ని నేను వారానికి ఏడు రోజులూ పాటిస్తాను. ఒక్క ఉసిరికాయలో ఉన్న సి విటమిను అరడజను యాపిళ్లలో ఉండదని మా ఆవిడ నలుగురికీ వినిపించేలా చెబుతుండగా, గాలికి కొమ్మ ఊగి ఒక కాయ సరిగ్గా నా విస్తరి మధ్యలో పడింది. అందరూ నా వైపే చూశారు. రెండు పక్షాల పండితులు అక్కడ ఉంటే వాళ్లూ ఊపిరి బిగబట్టేవారు. నేను కాయను రెండు వేళ్లతో తీసి, అంచున పేర్చిన కరివేపాకు వరుస చివర పెట్టి, పులిహోర మారు వడ్డించమన్నాను.