కేమ్డెన్ దిద్దుకున్న తప్పు

అమెరికాలో పిల్లలకు సీటు వచ్చిందనగానే మన ఇళ్లలో మొదటి ప్రశ్న ఫీజు ఎంత అని, రెండోది ఆ ఊరు మంచిదేనా అని. గ్యాస్ స్టేషన్లలోనో దుకాణాల్లోనో పార్ట్‌టైం పనిచేస్తూ తూటాలకు బలైన తెలుగు విద్యార్థుల వార్తలు ఎన్నో చదివిన తల్లిదండ్రులకు ఆ టెన్షన్ ఉండటం సహజం. వెంటనే ఫోన్ తీసి ఊరి పేరు కొట్టి క్రైమ్ రేటు చూస్తారు. న్యూజెర్సీలోని కేమ్డెన్ గురించి అలా వెతికినవాళ్లకు చాలా ఏళ్లపాటు దొరికిన జవాబు ఒక్కటే: అటు వెళ్లొద్దు. రట్గర్స్ విశ్వవిద్యాలయానికి అక్కడ క్యాంపస్ ఉంది. నది దాటితే ఫిలడెల్ఫియా. అయినా ఆ ఊరి పేరు చెబితే జనం భయపడేవారు.

ఆ భయం ఉత్తది కాదు. 2012లో కేమ్డెన్ జనాభా సుమారు 77 వేలు. మన దగ్గర ఓ మోస్తరు మున్సిపాలిటీ అంత. ఆ ఒక్క ఏడాదిలో అక్కడ 67 హత్యలు జరిగాయి. లక్ష జనాభాకు లెక్కగడితే దాదాపు 87. మన దేశ సగటు 2022 నాటి ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో 2.1 మాత్రమే. చనిపోయినవాళ్ల గుర్తుగా అక్కడి జనం సిటీ హాలు ముందు పచ్చికలో తెల్ల శిలువలు నాటారు. పనిమీద వచ్చే ప్రతివాళ్లూ వాటి పక్కనుంచే ఆఫీసులోకి నడిచి వెళ్లాల్సి వచ్చేది.

ఒకప్పుడు ఈ ఊళ్లో యుద్ధనౌకలు తయారయ్యేవి. ఆర్‌సీఏ రేడియోలు, క్యాంప్‌బెల్ సూప్ డబ్బాలు ఇక్కడినుంచే దేశమంతా వెళ్లేవి. ఓడల కర్మాగారం 1967లో మూతపడింది. సూప్ ఫ్యాక్టరీని 1991లో కూల్చేశారు. పని పోయిన వీధుల్లో మత్తుమందుల బేరాలు మొదలయ్యాయి. పులి మీద పుట్రలా 2011 జనవరిలో ఖజానాలో డబ్బుల్లేవంటూ దాదాపు సగం మంది పోలీసులను, 168 మందిని, ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆ మరుసటి ఏడాదే హత్యల సంఖ్య 67కు చేరింది.

2013 మేలో నగర పోలీసు శాఖనే రద్దు చేసి, ఆ బాధ్యతను కౌంటీ (మన జిల్లాలాంటి పాలనా విభాగం) కొత్తగా ఏర్పాటుచేసిన శాఖకు అప్పగించారు. 2020లో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగిన తర్వాత ‘పోలీసులకు నిధులు ఆపండి’ అని నినదించినవాళ్లు కేమ్డెన్‌నే ఉదాహరణగా చూపించారు. ఆ వాదనతో మేం ఏకీభవించలేం. కేమ్డెన్ వీధుల్లో పోలీసులు తగ్గలేదు, పెరిగారు. పాత శాఖ రద్దుకు అసలు కారణం ఖర్చు. పోలీసు యూనియన్‌తో ఉన్న పాత ఒప్పందం పక్కకు పోయింది కాబట్టే అదే డబ్బుతో ఎక్కువ మందిని పెట్టుకోగలిగారు. అందుకు మూల్యం చెల్లించింది ఉద్యోగాలు, పాత జీతాలు కోల్పోయిన పాత పోలీసులు.

కొత్త శాఖ మొదట్లో చేసింది తప్పే. కారు అద్దాలు నల్లగా ఉన్నాయని, సైకిల్‌కు బెల్లు లేదని, దొరికినవాళ్లకు దొరికినట్టు చలాన్లు రాశారు. రెక్కాడితే గానీ డొక్కాడని కుటుంబాలపై ఆ జరిమానాలు పడ్డాయి. బలప్రయోగంపై ఫిర్యాదులు పెరిగాయి. పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ 2015లో దీన్ని గట్టిగా ఎత్తిచూపింది. అప్పటి పోలీసు చీఫ్ స్కాట్ థామ్సన్ ఆ విమర్శను విన్నారు. చిన్నచిన్న వాటికి చలాను బదులు హెచ్చరిక చాలన్నారు. కార్లు దిగి నడవండి, తలుపు తట్టి పరిచయం చేసుకోండి అని సిబ్బందికి చెప్పారు. మా దృష్టిలో కేమ్డెన్ కథ అసలు మలుపు 2013 కాదు, ఇది.

ఆ మార్పు ఎలా ఉంటుందో 2015 నవంబరు నాటి ఒక వీడియోలో కనిపిస్తుంది. కేమ్డెన్‌లోని బ్రాడ్‌వే వీధిలో ఒక మనిషి కత్తి ఝళిపిస్తూ నడుస్తున్నాడు. పోలీసులు అతని చుట్టూ దూరందూరంగా వలయంలా నిలబడి, అతనితో పాటే వీధి తర్వాత వీధి నడిచారు. మాట్లాడుతూనే ఉన్నారు, దారిలో జనాన్ని తప్పిస్తూనే ఉన్నారు. చివరికి కత్తి అతని చేతిలోంచి జారింది, పట్టుకున్నారు. ఒక్క తూటా పేలలేదు. ఇంకో మార్పు: తూటా తగిలి పడిపోయినవాళ్లను అంబులెన్స్ కోసం ఎదురుచూడకుండా పోలీసులే తమ కారు వెనక సీట్లో వేసుకుని కూపర్ ఆస్పత్రికి పరుగెత్తడం మొదలుపెట్టారు. ఎన్నో ఏళ్లుగా పోలీసు కారంటే తమవాళ్లను పట్టుకుపోయే బండి అనుకున్న వీధిలో అదే కారు ప్రాణం కాపాడటానికి వచ్చింది.

2019లో బలప్రయోగం చిట్టచివరి మార్గమేనని, తోటి పోలీసు హద్దు దాటితే అడ్డుకోవడం విధి అని నిబంధన రాసుకున్నారు. 2014తో పోలిస్తే మితిమీరిన బలప్రయోగంపై ఫిర్యాదులు 95 శాతం తగ్గాయి. 2020లో దేశమంతటా హత్యలు దాదాపు 30 శాతం పెరిగినా కేమ్డెన్‌లో పెరగలేదు. 2023లో 17 హత్యలు, 2024లోనూ 17.

ఈ ఘనత మొత్తాన్ని పోలీసులకే కట్టబెట్టడం సరికాదు. ఆ రెండేళ్లూ హత్యలు అమెరికా అంతటా బాగా తగ్గాయి. ఇంత చిన్న ఊళ్లో రెండు ముఠాల మధ్య ఒక్క గొడవ రేగినా లెక్క తలకిందులవుతుంది. 2022లో కాస్త పెరిగింది కూడా. పైగా 17 అంటే 2024లోనూ లక్షకు 24 దాకా, అంటే ఆ ఏటి అమెరికా సగటుకు దాదాపు అయిదింతలు. పేదరికం పోలేదు. పోలీసుల్లో చాలామంది బయట ఊళ్లనుంచి డ్యూటీకి వచ్చిపోయేవాళ్లేనన్న స్థానిక నల్లజాతి, లాటినో కుటుంబాల ఫిర్యాదూ న్యాయమైనదే.

ఇలాంటి ఊళ్లకు ఇప్పుడు సాయం పెరగాలి. కానీ అమెరికా న్యాయశాఖ 2025 ఏప్రిల్‌లో దేశవ్యాప్తంగా దాదాపు 80 కోట్ల డాలర్ల గ్రాంట్లను అర్ధంతరంగా రద్దుచేసింది. కాల్పులకు దిగబోయే కుర్రాళ్లను ముందే కలిసి, మాట్లాడి ఆపే స్థానిక సంఘాలకు వెళ్లే డబ్బు కూడా అందులో ఉంది. హత్యలు తగ్గుతున్నాయి కదా, ఇక ఖర్చెందుకు అనుకుంటే అది 2011లో కేమ్డెన్ చేసిన తప్పుకు తోబుట్టువే. అమెరికా ప్రభుత్వం ఆ గ్రాంట్లను వెంటనే పునరుద్ధరించాలి.