సబ్జా నీళ్ళతో తగ్గని దురద

మా అమ్మకు అరవై రెండేళ్ళు. గత ఏడాది ఆమె దాదాపు ఆరు నెలల పాటు జననాంగాల దగ్గర దురద, మంటతో బాధపడుతూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చివరికి నాతో చెప్పినప్పుడు కూడా ‘కాస్త వేడి చేసిందమ్మా’ అనే అన్నది. ఆ వేడి తగ్గడానికి సబ్జా నీళ్ళు, బార్లీ, మజ్జిగ అన్నీ తాగింది. తరువాత పక్కింటావిడతో మెడికల్ షాపు నుంచి ఒక ట్యూబు తెప్పించుకుంది. నడుము కింద ఏ బాధ వచ్చినా మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ‘వేడి’ అన్న ఒక్క మాటే మిగలడం మీద నాకు ఎప్పటినుంచో కోపం ఉంది.

ఆ ట్యూబు మీది అక్షరాలు చదివితే, అందులో ఫంగస్ మందుతో పాటు యాంటీబయాటిక్, ఘాటైన స్టిరాయిడ్ కూడా ఉన్నాయి. స్టిరాయిడ్ వాపునూ దురదనూ అణచివేస్తుంది కనుక రెండు రోజులు హాయిగా ఉంటుంది. చర్మానికి ఉండే సహజ రక్షణనూ అణచివేస్తుంది కనుక మానగానే బాధ రెట్టింపై తిరిగి వస్తుంది, ఎక్కువ కాలం రాస్తే చర్మం పలచబడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మను చీటీ అడిగినవారు మాత్రం ఎవరూ లేరు.

మేము వెళ్ళిన డాక్టరుగారు మొట్టమొదట అడిగిన ప్రశ్న, ‘షుగరుకు ఏ మాత్ర వాడుతున్నారు?’ అని. అమ్మ వాడుతున్నది డపాగ్లిఫ్లోజిన్. రక్తంలోని చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపడమే ఆ మందు చేసే పని. కాండిడా అనే ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్, మన నోటిలో, పేగుల్లో, యోనిలో కొద్దిగా ఎప్పుడూ ఉండేదే. తీపి తగిలిన చోట అది విజృంభిస్తుంది. ఆ మాత్ర చెడ్డదని నేను అనడం లేదు, గుండెకూ మూత్రపిండాలకూ అది మేలు చేస్తుంది. అయితే రాసిచ్చిన రోజునే ‘మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ నీళ్ళతో కడుక్కుని పొడిగా తుడుచుకోండి, దురద వస్తే వెంటనే చెప్పండి’ అని ఒక్క మాట చెప్పి ఉంటే అమ్మకు ఆరు నెలల నరకం తప్పేది. మగవాళ్ళకు కూడా ఈ మందుతో ముందరి చర్మం ఎర్రబడి దురద పెట్టవచ్చు. వాళ్ళు మనకంటే గుట్టుగా దాచుకుంటారు.

తెల్లబట్ట కనిపించినంత మాత్రాన ఈస్ట్ అనుకోవడం కూడా పొరపాటే. నెలసరి చక్రాన్ని బట్టి వచ్చే పలచని, వాసన లేని స్రావానికి ఏ మందూ అక్కర్లేదు. పెరుగు తరకల్లా చిక్కగా ఉండి, తీవ్రమైన దురద ఉంటే కాండిడా కావచ్చు. చేపల వాసనతో బూడిదరంగులో పలచగా ఉంటే అది సాధారణంగా బాక్టీరియా సమస్య; పచ్చగా నురగతో ఉంటే కలయిక ద్వారా సోకే ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి కావచ్చు, దానికి భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి. కాండిడాకు సాధారణంగా భర్తకు చికిత్స అవసరం ఉండదు. కాస్త స్రావం తీసి మైక్రోస్కోపు కింద చూస్తే చాలావరకు తేలిపోయే విషయానికి ఊహ మీద మందులు మింగడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక కాండిడాకు చికిత్స సులువైనదే. మామూలు కేసులో ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి గానీ, యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ బిళ్ళలు కొన్ని రోజులు గానీ సరిపోతాయి. గర్భిణులకు నోటి మాత్ర ఇవ్వరు, లోపల పెట్టే మందే ఏడు రోజులు వాడిస్తారు. అమ్మకు షుగరు ఉంది, బాధ ముదిరింది కనుక మూడేసి రోజుల ఎడంతో మూడు మాత్రలు ఇచ్చారు. ఇదే మాత్ర గ్లిమిపిరైడ్ వంటి షుగరు మందులతో కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ ప్రభావాన్నీ పెంచుతుంది. అందుకే సొంతంగా కొనుక్కోవద్దని నా మనవి. ఏడాదిలో మూడు, నాలుగు సార్లు తిరగబెడితే వారానికొక మాత్ర చొప్పున ఆరు నెలలు వాడిస్తారు, అంతకుముందు చక్కెర పరీక్ష తప్పక చేయిస్తారు. యాంటీసెప్టిక్ కలిపిన నీళ్ళతో లోపల కడుక్కోవడం వల్ల మేలుచేసే లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియా కూడా పోతుంది తప్ప ఒరిగేదేమీ లేదు.

అమ్మకు రెండు వారాల్లో నెమ్మదించింది. మొన్న మా పిన్ని ఫోన్ చేసి తనకూ వేడి చేసిందని మొదలుపెట్టగానే, అమ్మ ఆమెను మధ్యలోనే ఆపి, ‘ముందు షుగరుకు ఏ మాత్ర వేసుకుంటున్నావో చెప్పవే’ అన్నది.