నాలుగాకులు ఎక్కువ చదివిన అన్నపూర్ణ

(లాస్ వేగాస్, ఫ్రీమాంట్ వీధిలో ఒక హోటల్ గది. శుక్రవారం సాయంత్రం. కొడుకూ కోడలూ పిల్లవాణ్ణి తీసుకుని వీధి కప్పు మీద వెలిగే దీపాలు చూడడానికి వెళ్లారు. ట్రెజరీలో పనిచేసి రిటైరైన గోపాలం అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. ఊళ్లో చీటీల అన్నపూర్ణగా పేరుపడ్డ ఆయన భార్య చేతిసంచి ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుంది.)

అన్నపూర్ణ: ఉన్న నాలుగు వెంట్రుకలకు అంత ముస్తాబా? ఎక్కడికి ప్రయాణం?

గోపాలం: కిందికే. క్రాప్స్ ఆడి గంటలో వచ్చేస్తాను. రెండు వందల డాలర్లు ఇటివ్వు.

అన్నపూర్ణ: అదేం ఆట?

గోపాలం: పాచికలు. నువ్వు అనుకునే జూదం కాదు, లెక్క తెలిసినవాడి ఆట.

అన్నపూర్ణ: లెక్క శకునికీ తెలుసు. మీరు చూస్తే ధర్మరాజు వంశం.

గోపాలం: ధర్మరాజుకు లేనిది ఇక్కడ ఒకటుంది, టేబులు లిమిట్. ఇంతకు తగ్గకూడదు, ఇంతకు మించకూడదు అని టేబులు పక్కనే బోర్డు పెడతారు.

అన్నపూర్ణ: హస్తినాపురంలో ఆ బోర్డు ఉంటే సంగతి ద్రౌపది దాకా వచ్చేదే కాదు.

గోపాలం: ఈ వీధిలో ఒకప్పుడు లిమిట్ల మీద కూడా పోటీ నడిచింది. 1951లో బెన్నీ బినియన్ ఇక్కడే హార్స్‌షూ కాసినో తెరిచాడు. మిగతావాళ్లు క్రాప్స్‌లో 50 డాలర్లు దాటనివ్వని రోజుల్లో ఆయన 500 దాకా కాయండి అన్నాడు. తరవాత తరవాత, నీ మొదటి పందెం ఎంతైతే అదే నీ లిమిట్ అన్నాడు. 1980లో ఒకాయన సూట్‌కేసులో 7,77,000 డాలర్లు తెచ్చి ఒకే పందెం కాశాడు!

అన్నపూర్ణ: పోయాయా?

గోపాలం: గెలిచాడు!

అన్నపూర్ణ: మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు కదా?

గోపాలం: (దువ్వెన జేబులో పెట్టుకుంటూ) వచ్చాడు. 1984లో పది లక్షలు కాశాడు.

అన్నపూర్ణ: అవి?

గోపాలం: ఇప్పుడా గొడవ ఎందుకు? ఇప్పటి పోటీ ఆడ్స్ మీద. విను. ముందు పాస్ లైన్ అనే గడిలో పందెం పెడతాం. మొదటిసారి రెండు పాచికలు వేసినప్పుడు మొత్తం 7 గానీ 11 గానీ పడితే గెలుపు. 2, 3, 12 పడితే ఓటమి. మరేది పడినా అది పాయింట్. 7 పడేలోగా ఆ పాయింట్ మళ్లీ పడితే గెలుస్తాం. 7 ముందు పడిందో, పోయినట్టే. పాయింట్ తేలాక పందెం వెనక ఇంకొంత డబ్బు పెట్టనిస్తారు. అదే ఆడ్స్. దాని మీద కాసినోకు పైసా లాభం లేదు.

అన్నపూర్ణ: లాభం లేకుండా ఇన్ని దీపాలు వెలిగించారా?

గోపాలం: ఒట్టు! పాయింట్ 4 అనుకో. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో 4 పడేవి మూడు, 7 పడేవి ఆరు. ఓటమికి రెండింతల అవకాశం కాబట్టి గెలిస్తే రెండింతలు ఇస్తారు. చెల్లుకు చెల్లు.

అన్నపూర్ణ: మరి అంత ధర్మమైన పందెం టేబులు మీద ఎక్కడుంది? పొద్దున కాఫీకి వెళ్తూ చూశాను. నడిమధ్య పాచికల బొమ్మలు, వాటి పక్కన ఇంతకు ఇంత అని పెద్ద అక్షరాలు.

గోపాలం: వాటి జోలికి పోకూడదు. తరవాత పడేది 7 అని కాస్తే నాలుగింతలు ఇస్తారు. న్యాయంగా ఐదింతలు రావాలి. నూటికి పదహారుకు పైగా వాళ్లకే. ఆడ్స్‌కు గడి ఉండదు, పాస్ లైన్ వెనక ఖాళీగా ఉన్న గుడ్డ మీద పెట్టాలి.

అన్నపూర్ణ: జోలికి పోకూడనివాటికి బొమ్మలూ రంగులూ, మంచిదానికి గడి కూడా లేదు! వీళ్లు నాకు తెలిసిన మనుషుల్లాగే ఉన్నారు.

గోపాలం: స్ట్రిప్ అనే కాసినోల రోడ్డు మీది పెద్ద హోటళ్లలో ఆడ్స్ మామూలుగా మొదటి పందేనికి మూడు, నాలుగు, ఐదు రెట్లు. పాయింట్ 4, 10 అయితే మూడు, 5, 9 అయితే నాలుగు, 6, 8 అయితే ఐదు. నిండుగా పెట్టి గెలిస్తే, ఏ పాయింటైనా ఆడ్స్ మీద వచ్చేది మొదటి పందేనికి ఆరు రెట్లే. డీలరు తడుముకోనక్కరలేదు. 1990లలో పోటీ ముదిరి హార్స్‌షూ, 1996లో తెరిచిన స్ట్రాటోస్ఫియర్ కాసినో వంద రెట్లు ఇస్తామన్నాయి. మన హోటల్ పది రెట్లు ఇస్తుంది!

అన్నపూర్ణ: ఇవ్వడమేమిటి? పెట్టేది మీరు కదా?

గోపాలం: అంటే... పెట్టనిస్తుంది. అసలు సంగతి విను. పాస్ లైన్ ఒక్కటే అయితే కాసినో వాటా నూటికి 1.41. వెనక పది రెట్లు పెడితే 0.18కి దిగిపోతుంది!

అన్నపూర్ణ: శాతాలు చెప్పినవాణ్ణి నేను ఎప్పుడూ చీటీలో చేర్చుకోలేదు. డాలర్లలో చెప్పండి.

గోపాలం: 15 డాలర్ల పందేనికి సగటున 21 సెంట్లు పోతాయి.

అన్నపూర్ణ: వెనక 150 పెడితే?

గోపాలం: 21 సెంట్లే.

అన్నపూర్ణ: మరి దిగిందేమిటి? నీళ్లు కలిసిన పాలలో మన గేదె పాలు ఇంకో పది లీటర్లు పోసుకుని, నీళ్ల శాతం తగ్గిందని సంబరపడినట్టుంది.

గోపాలం: పెరగలేదు కదా!

అన్నపూర్ణ: పాయింట్ కంటే ముందు 7 పడితే?

గోపాలం: (గొంతు సవరించుకుని) 165 పోతాయి. కానీ దీర్ఘకాలంలో ఆడ్స్ మీద గెలిచిందీ పోయిందీ సరిపోతాయి.

అన్నపూర్ణ: మన విమానం ఆదివారం.

గోపాలం: నీతో లెక్కలు మాట్లాడడం నాదే తప్పు.

అన్నపూర్ణ: ఇంకా ఉంది. పొద్దున ఆ బోర్డు మీద కనీస పందెం 10. మధ్యాహ్నం 15. ఇందాక ఐసు ముక్కలు తేవడానికి దిగితే 25. పది రెట్లు అన్న మాట మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

గోపాలం: 25 చేశారా! శుక్రవారం రద్దీ అయి ఉంటుంది.

అన్నపూర్ణ: ఇప్పుడు మీ 21 సెంట్లు 35 అయ్యాయి. పైగా మీరు మురిసిపోతున్న ఆ పది రెట్లు పెట్టాలంటే 250 కావాలి. మీరు అడిగింది రెండు వందలు. ఐదు డాలర్ల టేబులు ఎక్కడైనా దొరికితే, ఆడ్స్ రెండు రెట్లే ఇచ్చినా పోయేది 7 సెంట్లు. అలాంటిది చూసుకోక పది రెట్లూ, వంద రెట్లూ అని ఊగిపోతారేమిటి?

గోపాలం: ఇంకో ఉపాయం ఉంది. ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేస్తూ పోతే ఒక్క గెలుపుతో అన్నీ వెనక్కి వస్తాయి.

అన్నపూర్ణ: పై లిమిట్ ఎంత?

గోపాలం: 5,000 అనుకుంటాను.

అన్నపూర్ణ: (వేళ్లు మడుస్తూ) 25, 50, 100, 200... ఎనిమిదిసార్లు వరసగా ఓడితే 6,375 హారతి. తొమ్మిదోసారికి 6,400 కావాలి, బోర్డు 5,000 దగ్గర ఆపేస్తుంది. అంతవరకూ ఎందుకు, మీ రెండు వందలతో మూడు ఓటములకే మళ్లీ ఈ గది తలుపు తట్టాలి.

గోపాలం: అయితే నేను ఈ కిటికీ దగ్గర కూర్చుని దీపాలు లెక్కపెడతాను, సరేనా?

అన్నపూర్ణ: అలగకండి. పాస్ లైన్ అంటే గెలుస్తారని కాసేది. ఓడతారని కాసే చోటు లేదా?

గోపాలం: ఉంది, డోంట్ పాస్ అంటారు. కాసినో వాటా నూటికి 1.36, అంటే ఇంకాస్త తక్కువే. కానీ అటు కాసేవాళ్లను చుట్టూ ఉన్నవాళ్లు గుర్రుగా చూస్తారు.

అన్నపూర్ణ: చీటీ పాటల రోజుల నుంచీ నాకది అలవాటే. పాచికలు ఎవరు వేస్తారు?

గోపాలం: వంతులవారీగా. నా వంతు వస్తే నేనే.

అన్నపూర్ణ: (చేతిసంచి భుజాన వేసుకుంటూ) అయితే పదండి. మీరు వేసేటప్పుడు నేను డోంట్ పాస్ మీద పెడతాను.

గోపాలం: కట్టుకున్న పెళ్లానివై నేను ఓడతానని పందెం కాస్తావా!

అన్నపూర్ణ: మీరు గెలిస్తే నా డబ్బు వాళ్లకు, వాళ్ల డబ్బు మీకు. మీరు ఓడితే తిరగేసి అంతే. ఇంటికి నష్టమే లేదు.

గోపాలం: ఉంది. మొదటే 12 పడితే నా పందెం పోతుంది. నీది పోదు, దానికి రూపాయి రాదు కూడా. 36 సార్లలో ఒకసారి అలా అవుతుంది.

అన్నపూర్ణ: అప్పుడు కూడా పోయేది మీ పందెమేగా? చెప్పులు తొడుక్కోండి, వెళ్దాం.